3-27 నంబరు ఇంట్లో మిగిలిన పేరు

మా ముత్తాత వేమవరపు సుబ్బారాయుడు గారు దివిసీమలో మా ఊరికి గ్రామ మునసబు. శిస్తు లెక్కలకు వచ్చిన తాసీల్దారు తన గుర్రాన్ని మా వాకిట్లోనే కట్టించేవాడు. మా తాత వెంకటరత్నం గారు మూడు తడవలు పంచాయతీ ప్రెసిడెంటు. మూడు తడవలూ పోటీ లేకుండానే. మా నాన్నగారి కాలానికి భూమి సగమైంది గాని మర్యాద తగ్గలేదు. ఉప్పెన వచ్చిన ఏడు ఊళ్ళో సగం మంది మా మేడ మీదే ప్రాణాలు దక్కించుకున్నారు. అవనిగడ్డలో ఆటో ఎక్కి మా ఇంటిపేరు చెబితే చాలు, ఊరి పేరు చెప్పనక్కర్లేదు అనేవారు. ఇదంతా గొప్పకు రాయడం లేదు. నేను చెప్పబోయే సంగతి ఆ ఇంటి నంబరు దగ్గరే మొదలైంది, ఆ నంబరు దగ్గరే తేలింది. అందుకని రాస్తున్నాను.

రెండేళ్ళ కిందటి మే నెల. నేను బందరులో, అంటే కాగితాల మీద మచిలీపట్నంలో, ఒక ఫౌండేషన్‌లో ఫీల్డ్ కోఆర్డినేటర్ని. కోర్టుల వీధిలో ఒక డాబా పైభాగం మా ఆఫీసు. మాది ప్రజాస్వామ్యం మీద పనిచేసే సంస్థ. పార్టీలతో మాకు పని లేదు. గ్రామసభలు నిజంగా జరుగుతున్నాయా, ఓటర్ల జాబితాలో ఉండాల్సినవాళ్ళు ఉన్నారా, వార్డు మెంబర్లకు తమ హక్కులేమిటో తెలుసా, ఇలాంటివి ఊళ్ళు తిరిగి చూసి, చూసింది రాసి అధికారులకు పంపుతాం. ఆ రాతను పాలసీ నోట్ అంటారు. పది పేజీల నోట్ వెనక పది ఊళ్ళ ఎండ ఉంటుంది.

ఆ ఎండలో తిరిగేది ఎక్కువగా ఇంటర్న్‌లే. బందరు, గుడివాడ, అవనిగడ్డ కాలేజీల నుంచి వేసవిలో ఆరు వారాల పాటు వచ్చి పని నేర్చుకుంటారు. బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం, చివర్లో ఒక సర్టిఫికెట్. చాలామంది ఆ సర్టిఫికెట్ కోసమే వస్తారన్నది అప్పటికి నా అభిప్రాయం. వాళ్ళకు పని నేర్పేవాణ్ణి నేను, నేర్చుకునేవాళ్ళు వాళ్ళు అన్న విషయంలో నాకు ఏనాడూ అనుమానం రాలేదు.

శిరీష గుడివాడ అమ్మాయి. బి.ఏ. రెండో సంవత్సరం. వాళ్ళ నాన్న బస్టాండు దగ్గర దర్జీ. ఇంటర్వ్యూలో మా డైరెక్టర్ గారు అందర్నీ ఒకే ప్రశ్న అడిగారు. ఆయన రిటైరైన లెక్చరర్. "ప్రజాస్వామ్యం అంటే ఏమిటమ్మా?" అందరూ పుస్తకంలోది అప్పజెప్పారు. ఈ అమ్మాయి మాత్రం కాసేపు ఆలోచించి, "మా ఇంట్లో టీవీ రిమోట్ మా నానమ్మ దగ్గరుంటుంది సర్. అది మారాలంటే ఎవర్ని అడగాలో తెలిసి ఉండటం" అంది. డైరెక్టర్ గారు పగలబడి నవ్వారు. నాకు నచ్చలేదు. పెద్దవాళ్ళను తేలిక చేసినట్టు అనిపించింది.

ఆ ఏడు మా పని ఓటర్ల జాబితా తనిఖీ. దీన్ని రెండు వైపుల నుంచి చేస్తాం. ఒకటి, జాబితాలో ఉన్న పేరు పట్టుకుని ఇంటికి వెళ్ళి, ఆ మనిషి అక్కడ ఉన్నారా అని చూడటం. రెండోది, ఇంట్లో ఉన్న మనిషిని పట్టుకుని, వాళ్ళ పేరు జాబితాలో ఉందా అని చూడటం. మొదటిదాంట్లో లేని మనుషులు దొరుకుతారు. రెండోదాంట్లో లేని పేర్లు దొరుకుతాయి. ఏయే ఊళ్ళకు వెళ్ళాలో చీటీలు వేసి తీస్తాం. ఊళ్ళో మొదటి ఇల్లు కూడా చీటీ తీసే ఎంచాలి. ఈ నియమాలన్నీ రాసిన గైడూ, ఇళ్ళలో అడిగే ప్రశ్నల ఫారమూ నేనే తయారు చేశాను.

శిరీష తీసిన చీటీలో మా ఊరు వచ్చింది. ఆమెతో జంటగా వెళ్ళాల్సిన అమ్మాయికి జ్వరం తగిలింది. "ఆ ఊరికి నేను వస్తాను" అన్నాను. సొంత ఊరికి ఇంత పని మీద వెళ్ళడం నాకు సరదాగానే ఉంది.

బస్సు చల్లపల్లి దాటాక మా తాతగారి సంగతి చెప్పాను. మూడుసార్లు ఏకగ్రీవం అని చెప్పాను.

"ఎవరూ నిలబడలేదా సర్?"

"అవసరం రాలేదు."

ఆమె సంచిలోంచి నోట్‌బుక్ తీసి ఏదో రాసుకుంది.

"ఏం రాశావమ్మాయ్?"

"అవసరం రాలేదు అని రాశాను సర్."

నేను కిటికీలోంచి చేల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఊళ్ళోకి వెళ్ళగానే నేను ఎప్పుడూ చేసే పనే చేశాను. ముందు పెద్దల ఇళ్ళకు వెళ్ళడం. పని మీద ఏ ఊరు వెళ్ళినా మొదట అక్కడి పెద్దమనుషుల వాకిట్లో కూర్చుని, కాఫీ తాగి, వచ్చిన పని చెప్పి, వాళ్ళు ఎవరింటికి వెళ్ళమంటే అక్కడికి పిల్లల్ని పంపడం నాకు అలవాటు. ఇన్నేళ్ళూ దాన్ని మర్యాద అనుకున్నాను. మాజీ సర్పంచి గారు కుర్చీలు వేయించారు. శిరీష కూర్చోలేదు.

"సర్, మొదటి ఇల్లు చీటీ తీయాలి కదా?"

"తీద్దాం. కాఫీ తాగు."

"మీరు తాగండి సర్. నేను చీటీ తీసి మొదలుపెడతాను. గైడ్‌లో అలాగే ఉంది."

గైడ్ పేరు చెప్పాక నేనేమంటాను? వెళ్ళనిచ్చాను. మాజీ సర్పంచి గారు నవ్వి, "మీ శిష్యురాలు మిమ్మల్ని మించిందే" అన్నారు. నేనూ నవ్వినట్టు నవ్వాను.

గంట తరువాత ఆమెను వెతుక్కుంటూ వెళితే కాలవ అవతల కాలనీలో కనిపించింది. ఒక రేకుల పంచ కింద పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా మినుములు చెరుగుతూ మరియమ్మ. నాకు మరియమ్మ చిన్నప్పటినుంచీ తెలుసు. మా ఇంటి వెనక దొడ్డిలో పాలేళ్ళ వరస అని ఒకే చూరు కింద ఐదు గదులు ఉండేవి. ఆమె పుట్టింది అక్కడ, పెళ్ళయి పిల్లల్ని కన్నది అక్కడ. నన్ను చూడగానే చేట పక్కన పెట్టి లేచింది.

"చిన్నబాబుగారూ! మీరొచ్చారా! ఈ అమ్మాయి ఎవరో పరాయి పిల్లనుకుని నోటికొచ్చినట్టు వాగేశాను."

"ఏం వాగావు?"

"ఎలచ్చన్లో నిలబడతానని చెప్పానండి."

వార్డు మెంబరు ఒకామె చనిపోయి ఆ వార్డు ఖాళీ అయింది. ఆడవాళ్ళకు కేటాయించిన వార్డు. ఉప ఎన్నిక పెడతారని ఊళ్ళో అనుకుంటున్నారు. మరియమ్మ డ్వాక్రా గ్రూపు లీడరు. కాలనీకి కుళాయిలు వేశారు గాని వాటిలో వచ్చేది ఉప్పునీరు. మంచినీళ్ళకు కాలవ దాటి ఊళ్ళోకి రావాలి. ఆ నీళ్ళ కోసం నిలబడాలని ఆమెకు ఉంది.

"నిలబడ్డానికి ఏం కావాలో కనుక్కున్నావా పిన్నీ?" అని శిరీష అడిగింది. అప్పటికే వరస కలిపేసింది.

"ధైర్యం కావాలన్నారు. అది బోలెడుంది."

"దానితో పాటు ఈ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరు కూడా ఉండాలి."

"ఉంది కదమ్మా! కార్డుంది చూడు." మరియమ్మ లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కవరులో దాచిన ఓటరు కార్డు తెచ్చింది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి చెప్పాలి. కార్డు చేతిలో ఉంటే ఓటు ఉన్నట్టే అనుకుంటారు. కార్డు మనిషిని గుర్తుపట్టడానికి మాత్రమే. ఓటు ఉండేది జాబితాలో. శిరీష జాబితా కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. మొదటిసారి గబగబా, రెండోసారి నెమ్మదిగా, మూడోసారి వేలు పెట్టి. మరియమ్మ నవ్వు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది.

"లేదు పిన్నీ."

"సరిగ్గా చూడమ్మా. కళ్ళజోడు పెట్టుకుంటావేమో."

శిరీష పాత జాబితా కూడా తెచ్చుకుంది. తీసేసిన పేర్లను డిలీషన్లు అంటారు. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. పాత దాంట్లో మరియమ్మ పేరు ఉంది. ఆమె భర్త, కొడుకు, పక్క గదులవాళ్ళు, మొత్తం పదకొండు పేర్లు ఒకే ఇంటి నంబరు కింద ఉన్నాయి. కొత్త దాంట్లో ఆ పదకొండూ లేవు. కారణం దగ్గర 'షిఫ్టెడ్', అంటే వేరే చోటికి వెళ్ళిపోయారు అని ఉంది.

"3-27 ఎవరి ఇల్లు పిన్నీ? మీరంతా ఆ నంబరు మీద ఉన్నారు."

మరియమ్మ నా వైపు చూసింది. మళ్ళీ చేట చేతిలోకి తీసుకుంది.

"బాబుగారిదమ్మా."

సంగతి నాకు అర్థమైంది. వరసలోని గదులకు వేరే నంబర్లు ఉండేవి కావు. వాళ్ళు మా దొడ్డిలో ఉన్నారు కాబట్టి మా ఇంటి నంబరు మీదే రాసేవారు. అప్పటికి మూడేళ్ళ కిందట మా ఇల్లూ ఆ వరసా పోయాక వాళ్ళు కాలనీకి మారారు. అదే ఊరు, అదే పోలింగ్ బూత్. నడిస్తే పది నిమిషాల దూరం.

మధ్యాహ్నం బి.ఎల్.ఓ. దగ్గరికి వెళ్ళాం. బూత్‌లో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అని ఇంటింటికీ తిరిగి చూసే ఉద్యోగిని బి.ఎల్.ఓ. అంటారు. మా ఊళ్ళో ఆ పని చేసేది అంగన్‌వాడీ టీచరు నాగమణి. పిల్లల్ని నిద్రపుచ్చి, మా కోసం చాప పరిచింది. నాకు మాత్రం కుర్చీ తెచ్చింది.

"ఇల్లే లేదు కదండీ. ఇల్లు లేనప్పుడు ఆ నంబరు మీద మనుషులున్నారని ఎలా రాయనండి? నోటీసులు కూడా పంపారు. ఆ నంబరుకే పంపారు. తిరిగొచ్చేశాయి."

"కాలనీలో ఉన్నారని మీకు తెలుసు కదా మేడమ్?" అని శిరీష.

"తెలుసమ్మా. వాళ్ళే కొత్త నంబరుతో పెట్టుకుంటారులే అనుకున్నాను. కార్డుంది కదా అని వాళ్ళు ఊరుకున్నారు."

"3-27లో అందరి పేర్లూ తీసేశారా?"

నాగమణి ఒక్క క్షణం ఆగింది. "ఊఁ... తీసేశాను" అంది. నా వైపు మాత్రం చూడలేదు.

శిరీష కాగితం తిప్పింది. ఏమీ అనలేదు. తిరుగు బస్సులో ఆ జాబితానే మళ్ళీ మళ్ళీ చూసుకుంది. ఆ అమ్మాయి అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆ వారంలో అదే మొదటిసారి.

మర్నాడు నేను ఆఫీసుకు వెళ్ళేసరికి ఆమె ముందే వచ్చి కూర్చుంది. మిగతా ఇంటర్న్‌లు ఇంకా రాలేదు. వాళ్ళు రాకముందే మాట్లాడాలని పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చిందని నాకు తరువాత తెలిసింది. ఫారం ఒకటి క్లిప్‌బోర్డుకు పెట్టుకుని నా టేబులు ముందు నిలబడింది.

"సర్, 3-27లో ఒక పేరు మిగిలింది. రూలు ప్రకారం ఆ ఇంటికి వెళ్ళి మనిషి ఉన్నారా అని అడగాలి. ఇల్లు లేదు. అందుకని మనిషినే అడుగుతున్నాను."

ఆ పేరు నాదే.

"మొదటి ప్రశ్న సర్. మీరు ఈ చిరునామాలో ఉంటున్నారా?"

"ఎవర్ని అడుగుతున్నావో తెలుసా?"

"తెలుసు సర్. జాబితాలో వరస నంబరు నాలుగు వందల పన్నెండు."

గొంతులో వెటకారం లేదు. భయం ఉంది. ఆమె సర్టిఫికెట్ మీద సంతకం చేయాల్సింది నేనే అన్న సంగతి ఆమెకు తెలుసు. అయినా పెన్ను ఫారం మీదే ఉంది.

నేను లేచి డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళాను. ఈ అమ్మాయిని వేరే జట్టులో వేయండి, పెద్దా చిన్నా తెలియడం లేదు అన్నాను. ఆయన అంతా విన్నారు.

"ఆమె అడిగిన ప్రశ్న మన ఫారంలో ఉందా?"

"ఉంది."

"ఆ ఫారం ఎవరు రాశారు?"

ఆయన మళ్ళీ తన పేపరు చదువుకోవడం మొదలుపెట్టారు.

వరండాలో నిలబడి నాగమణికి ఫోన్ చేశాను. నా పేరు ఎందుకు ఉంచావని అడిగాను. ఆమె కంగారుపడింది.

"మీ తాతగారి అరుగు మీదే మా నాన్న ఓనమాలు దిద్దుకున్నాడండి. ఆ నంబరు మీద ఒక్క పేరైనా ఉండాలనిపించిందండి. మీ పేరు నేనెలా కొట్టేస్తానండీ?"

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ మాటకు నాకు సంతోషం కలగలేదంటే అబద్ధం. ఊళ్ళో ఉన్నవాళ్ళను లేరని కొట్టేసిన చెయ్యి, ఊళ్ళో లేని నన్ను మర్యాదకు ఉంచింది. ఆ మర్యాద మూడు తరాలుగా మా ఇంటికి వస్తూనే ఉంది. అది వస్తున్నప్పుడు ఎవరి వంతు నుంచి వస్తోందో నేను ఏనాడూ చూడలేదు. పైగా నేను అమాయకుణ్ణేమీ కాదు. బందరులో అద్దె ఇంట్లో ఉంటూ ఓటు మాత్రం ఊళ్ళోనే ఉంచుకున్నాను. మార్చుకోవాలన్న రూలు ఇంటర్న్‌లకు ఏటా నేనే చెబుతాను.

తిరిగి వచ్చి కూర్చున్నాను. శిరీష అలాగే నిలబడి ఉంది.

"అడుగు."

"మీరు ఈ చిరునామాలో ఉంటున్నారా సర్?"

"లేను."

"ఎంతకాలంగా?"

"ఇల్లు పడగొట్టి మూడేళ్ళు. నేను అక్కడ కాపురం లేక పాతికేళ్ళు."

రాసుకుంది. తరువాత క్లిప్‌బోర్డు కింద పెట్టి, అప్పుడు కూర్చుంది. "సర్, ఉప ఎన్నికకు జాబితా ఖరారు కావడానికి తొమ్మిది రోజుల గడువుంది. ఈలోగా పిన్ని పేరు ఎక్కకపోతే ఆమె నామినేషన్ వేయడానికి లేదు. నాకు మీ సాయం కావాలి" అంది. నన్ను నిలదీసిన గొంతూ అదే, సాయం అడిగిన గొంతూ అదే. ఆ తేడా లేకపోవడమే నన్ను ఎక్కువగా కదిలించింది.

కొత్తగా పేరు చేర్చడానికి ఫారం ఆరు, చిరునామా మార్పుకు ఫారం ఎనిమిది. కాలనీవాళ్ళందరికీ ఆరు, నాకు ఎనిమిది. దానితో పాటు, ఈ మనుషులు ఫలానా ఇంటి దొడ్డిలో ఉండేవారని, ఇల్లు పోయాక అదే ఊళ్ళో కాలనీకి మారారని, ఆ ఇంటి అప్పటి యజమానిగా నేను రాసిచ్చే వాంగ్మూలం ఉంటే విచారణ త్వరగా తేలుతుందని శిరీష అంది. నేను రాశాను. 'శిథిలావస్థలో ఉన్నందువల్ల తొలగించవలసి వచ్చిన మా పూర్వుల గృహము' అని మొదలుపెట్టాను. ఆమె చదివింది.

"సర్, ఆఫీసరు గారికి కావాల్సింది ఇల్లు ఉందా లేదా అన్నదే. ఎందుకు పోయిందో వాళ్ళకు అక్కర్లేదు. మీరు చెప్పనక్కర్లేదు."

ఆ వాక్యం కొట్టేసి, 'ఇల్లు లేదు' అని రాశాను. ఇరవై ఏళ్ళ పిల్ల నా పరువు అంత ఒడుపుగా కాపాడింది. అదైనా నాకు ఇంటికి వెళ్ళాకే తెలిసింది.

ఫారాలు మరియమ్మ పంచలోనే నింపాం. మాజీ సర్పంచి గారింటికి ఈసారి వెళ్ళలేదు. పదకొండు పేర్లకూ పదకొండు ఫారాలు తెచ్చుకున్నాం. వారిలో ఒకరు చనిపోయారు. మరియమ్మ కొడుకు పెళ్ళాం పిల్లలతో విజయవాడలో ఉంటున్నాడు.

"మావాడిది కూడా రాసెయ్యమ్మా. ఎలచ్చన్నాటికి వస్తాడు. తల్లికి ఓటెయ్యడా?"

"వస్తాడు పిన్నీ. కానీ ఉండేది ఇక్కడ కాదుగా."

"ఒక్క పేరేగా!"

"సార్ది కూడా ఒక్క పేరే పిన్నీ. ఇక్కడ ఉండటం లేదని సార్ పేరు తీయించి మీ అబ్బాయి పేరు పెడితే, రేపు మీ తొమ్మిది ఫారాలూ ఎవరు నమ్ముతారు?"

మరియమ్మ మూతి ముడుచుకుంది. పది నిమిషాలు మాతో మాట్లాడలేదు. తరువాత లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి, శిరీషకు ఇస్తూ, "నిన్ను చేసుకునేవాడు ఏం తిప్పలు పడతాడో" అంది. అది ఒప్పుకోవడమే.

విచారణకు మండల ఆఫీసుకు రమ్మన్నారు. తొమ్మిది మందీ, నేనూ, శిరీష వెళ్ళాం. ఆఫీసరు కుర్రవాడు. కాగితం మీద ఇంటిపేరు చూసి, "వేమవరపు వారా? కూర్చోండి సర్" అన్నాడు. ఎదురుగా ఉన్నది ఒక్క కుర్చీ. నేను కూర్చోలేదు.

"అయితే నేను కూచుంటానండి. మోకాళ్ళు నెప్పులు" అని మరియమ్మ వెళ్ళి కూర్చుంది.

ఆఫీసరు నా వాంగ్మూలం చదివాడు. "ఇల్లు లేదు అని మీరే రాశారా?"

"నేనే రాశాను. మరియమ్మ గారూ, మిగతావారూ ఆ ఊళ్ళోనే ఉంటున్నారు. ఊళ్ళో లేనిది నేను."

గారు అన్న మాటకు మరియమ్మ వెనక్కి తిరిగి చూసింది. బయటికి వచ్చాక, "బాబుగారూ, అలా గారు అనకండి. నాకేదో జబ్బు చేసినట్టుంది" అంది. అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ తరువాత కూడా మానలేదు.

గడువుకు రెండు రోజుల ముందు తొమ్మిది పేర్లూ జాబితాలో ఎక్కాయి. కాలనీ నంబర్లతో, ఎవరి ఇంటి మీద వారు. నా పేరు బందరుకు మారింది. మరియమ్మ నామినేషన్ వేసింది. మాజీ సర్పంచి గారి తరఫున ఇంకొకామె నిలబడింది. పోటీ గట్టిగానే జరిగిందని విన్నాను. నాకు అక్కడ ఓటు లేదు. ఉండి ఉంటే మరియమ్మకే వేసేవాణ్ణా అని నన్ను నేను అడిగాను. అప్పటికైతే వేసేవాణ్ణి. దానికి నెల ముందైతే ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

ఫలితం వచ్చిన సాయంత్రం ఆమే ఫోన్ చేసింది.

"గెలిచానండి."

"సంతోషం మరియమ్మ గారూ. మా తాతగారు మూడుసార్లు గెలిచారు. మీరు కూడా అలాగే గెలవాలి."

"అలాగెందుకండీ?" అని నవ్వింది. "పెద్దబాబుగారికి పోటీ లేదు కదండీ. మూడుసార్లూ ఒక్క ఓటూ పడలేదు. నాకు బోలెడు పడ్డాయి."

అరవై ఏళ్ళుగా మా ఇంట్లో చెప్పుకుంటున్న మాటను ఎవరూ అలా చూడలేదు. నాకు కోపం రాలేదు. ఆ అమ్మాయి బస్సులో నోట్‌బుక్‌లో రాసుకున్న మాట గుర్తొచ్చింది.

ఆరు వారాలు పూర్తయ్యాక శిరీష సర్టిఫికెట్ మీద సంతకం చేశాను. అచ్చులో ఉన్న రెండు వరసల కింద నా చేత్తో ఒక వరస రాశాను: 'ఈ విద్యార్థిని అడగాల్సిన ప్రశ్నను అడగాల్సిన మనిషిని అడిగింది.' చదివి, "సర్, దీని అర్థం ఇంటర్వ్యూల్లో అడిగితే ఏం చెప్పాలి?" అంది. నా పేరు చెప్పమన్నాను. ఇప్పుడామె గుడివాడలో ఎం.ఏ. ప్రవేశ పరీక్షకు చదువుతోంది. ఏటా మే నెలలో ఒకరోజు వచ్చి కొత్త ఇంటర్న్‌లకు ఫారం నింపడం నేర్పుతుంది. నమూనాగా చూపించేది నా ఫారం, వరస నంబరు నాలుగు వందల పన్నెండు. నేనే చూపించమన్నాను. గైడ్‌లో రెండు మాటలు కొత్తగా చేర్చాను: చీటీ తీసిన మొదటి ఇంటికి వెళ్ళేదాకా ఊళ్ళో ఎవరి వాకిట్లోనూ కూర్చోకూడదు, పని నేర్పేవాడు తన ఓటు ఎక్కడుందో మొదటిరోజే చెప్పాలి.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ పని నాకు నేర్పిన సంగతి ఇదే. తప్పుల జాబితా తీసుకుని ఊళ్ళు తిరిగేవాడి పేరు కూడా ఆ జాబితాలో ఉండొచ్చు. అది వెతికి చూపించే ధైర్యం ఉన్న పిల్లలు వస్తున్నారు. వాళ్ళకు నేను చేయగలిగిన మర్యాద, అడిగినప్పుడు నిజం చెప్పడం.

శిరీష నన్ను అడగని ప్రశ్న ఒకటి మిగిలింది, ఆ ఇల్లు ఎందుకు పోయిందని. దానికి జవాబు ఇక్కడ రాస్తున్నాను. 3-27 నంబరు ఇల్లు శిథిలం కాలేదు. మేడతో, అరుగులతో, వెనక దొడ్డితో, ఐదు గదుల వరసతో కలిపి, పడగొట్టినవాళ్ళకు నేనే అమ్మాను.